పిడి లోపల ఏముందో చూసి కొనండి

(విజయవాడలో కొండలెక్కే మిత్రుల ఆదివారం సమావేశంలో, పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పాఠాలు చెప్పి రిటైరైన ఒక మాస్టారు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

వెనక వరసకి వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడులో నా గొంతు కలిసిపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరగా పెట్టుకుంటాను. సరే.

నన్ను పిలిచినవాళ్లు అడిగింది ఒక్కటే. "మాస్టారూ, సర్వైవల్ నైఫ్, అదే అడవిలో ఆపదలో పనికొచ్చే కత్తి, ఏది కొనాలో చెప్పండి." ఒక కంపెనీ పేరు చెప్పి దిగిపోతే అయిదు నిమిషాల పని. కానీ ఆ కంపెనీ రేపు ఇంకో మోడల్ తెస్తుంది, దానికి ఆన్‌లైన్‌లో నకిలీ వస్తుంది, మీరు మళ్లీ నాకు ఫోన్ చేస్తారు. అందుకని పేర్లు తక్కువ చెప్తాను. కత్తి చేతికి వచ్చినప్పుడు ఎక్కడెక్కడ చూడాలో చెప్తాను.

దుకాణంలో కత్తి ఇవ్వగానే మనం చేసే మొదటి పనేమిటి? అంచు మీద బొటనవేలు పెట్టి పదును చూస్తాం. అవునా, కాదా? అందరం అదే చేస్తాం. పదును ఇంటికెళ్లి పెట్టుకోవచ్చండీ. మొండి కత్తినైనా కూర్చుని నూరుకోవచ్చు. విరిగిన కత్తిని ఏం చేస్తాం? అందుకే నేను అడగమనే ప్రశ్న ఇది: ఈ కత్తి విరిగితే ఎక్కడ విరుగుతుంది? మళ్లీ చెప్తున్నా, ఎక్కడ విరుగుతుంది? ఇవాళ నేను చెప్పేదంతా ఈ ప్రశ్న చుట్టూనే.

దానికన్నా ముందు, అసలు కత్తితో మనకి పనేమిటి? మనం వెళ్లేదెక్కడికి? కొండపల్లి ఖిల్లా చుట్టూ గుట్టలు, కొండవీడు, కోటప్పకొండ. కాస్త ఓపికున్నవాళ్లు మాచర్ల దాటి ఎత్తిపోతల, నల్లమల అంచులు. ఈ చోట్ల దారి తప్పితే ప్రాణం మీదికి తెచ్చేది ముందు ఎండ. మే నెలలో రాతి కొండ మీద నీళ్లు అయిపోతే కత్తి ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. ఇంకో రెండు లీటర్ల నీళ్లు మోసుకెళ్లండి, ఏ కత్తికన్నా అదే మేలు. ఇది ఒప్పుకున్నాక కత్తి పనులు చూద్దాం. తాడు కొయ్యాలి. టార్పాలిన్ కట్టడానికి మేకులు చెక్కాలి. తడిసిన కొమ్మ పైపొర తీసేసి లోపలి పొడి చెక్కని సన్నగా చీరి మంట రాజెయ్యాలి. కట్టు కట్టడానికి గుడ్డ కొయ్యాలి. చేతికర్ర చేసుకోవాలి. ఉల్లిపాయ తరగాలి. ఇంతే. ఎలుగుబంటితో కుస్తీ ఈ పనుల్లో లేదు. ఆ ఉద్దేశం ఉన్నవాళ్లెవరైనా ఉంటే చెయ్యెత్తండి. లేరు, మంచిది.

అడవే అక్కర్లేదు కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చి సింగ్‌నగర్ మునిగిన రోజులు మీలో చాలామందికి గుర్తే. అలాంటప్పుడు ఇంట్లో ఒక గట్టి కత్తి, కాస్త పొడుగు తాడు ఉంటే ఎన్ని రకాలుగా పనికొస్తాయో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు విరగడం సంగతికొద్దాం. కత్తిలో మనకి కనిపించేది సగమే. మిగతా సగం పిడి లోపల ఉంటుంది. బ్లేడు ఉక్కు పిడిలోకి కొనసాగిన భాగాన్ని ట్యాంగ్ అంటారు. పిడి ఎంత వెడల్పు, ఎంత పొడవు ఉందో అంతా ఉక్కు వెళ్లి, దానికి రెండు పక్కలా చెక్కలు పెట్టి రివిట్లు కొడితే అది ఫుల్ ట్యాంగ్. ఎలా తెలుస్తుంది? పిడిని పైనుంచి, కిందనుంచి చూడండి. రెండు చెక్కల మధ్య ఉక్కు గీత చివరిదాకా కనిపిస్తే ఫుల్ ట్యాంగే. కనిపించలేదంటే లోపల ఎంత ఉక్కు ఉందో మీకు తెలియదు. చాలాసార్లు అమ్మేవాడికీ తెలియదు. తెలిసినవాడు చెప్పడు.

చవక కత్తుల్లో ఏం చేస్తారంటే, బ్లేడు వెనక సన్నటి కడ్డీ వెల్డింగ్ చేసి, దాని మీద ప్లాస్టిక్ పిడి ఎక్కించేస్తారు. బయటికి చూస్తే మిలిటరీ కత్తిలా ఉంటుంది. పక్కకి ఒక్కసారి గట్టిగా వంచితే పిడి చేతిలో ఉంటుంది, బ్లేడు నేల మీద ఉంటుంది. ఇంకో రకం ఉంది, కుర్రాళ్లకి భలే ఇష్టం. పిడి బోలుగా ఉంటుంది. మూత తిప్పితే లోపల అగ్గిపుల్లలు, గాలం, దారం, మూత మీద దిక్సూచి. 1980లలో సినిమాల పుణ్యమా అని ప్రపంచమంతా పాకింది. మరి పిడి లోపల అగ్గిపుల్లలు ఉన్నాయంటే అక్కడ ఏం లేనట్టు? ఉక్కు లేనట్టేగా! బ్లేడు చివర పొట్టి ముక్కని ఒక నట్టుతోనో పిన్నుతోనో బిగించి ఉంటారు. ఒకే ఉక్కు ముక్కని తొలిచి చేసిన బోలు పిడి కత్తులు ఉన్నాయి, అవి గట్టివే, కానీ వాటి ఖరీదు వేరు. మీకు సంతలో దొరికేవి అవి కావు. అగ్గిపెట్టె జేబులో పెట్టుకోండి బాబూ, పిడి లోపల ఎందుకు?

ఇంకొంచెం లోతుకి వెళ్తాను, ఓపిక పట్టండి. ఫుల్ ట్యాంగ్ కాని కత్తిలో బ్లేడు వెడల్పు నుంచి ట్యాంగ్ వెడల్పుకి ఒక్కసారిగా తగ్గే చోట రెండు మూలలు వస్తాయి. కత్తి మీద పడిన భారమంతా వచ్చి ఆ మూలల్లో పోగవుతుంది. మూల నిక్కచ్చిగా తొంభై డిగ్రీల్లో కోసి ఉంటే పగులు అక్కడే పుడుతుంది. గుండ్రంగా తిప్పి ఉంటే భారం సర్దుకుంటుంది. షాఫ్టులో మెట్టు దగ్గర రేడియస్ ఇవ్వకపోతే, అంటే మూలని గుండ్రంగా తిప్పకపోతే, ఏమవుతుందో ఆటోనగర్‌లో ఏ లేత్ మెషిన్ అతన్ని అడిగినా చెప్తాడు, ఇదీ అంతే. చిక్కేమిటంటే కత్తిలో ఆ మూల పిడి లోపల దాక్కుని ఉంటుంది, మనకి కనపడదు. అందుకే కొత్తవాళ్లకి ఫుల్ ట్యాంగ్ అని చెప్పేస్తాం. కళ్లతో చూసి నమ్మొచ్చు కాబట్టి.

అలాగని ఫుల్ ట్యాంగ్ అన్న మాటని మంత్రంలా జపించకండి. స్వీడన్ నుంచి మోరా కత్తులు వస్తాయి. అందులో చవకైన మోడళ్లకి పిడి చివరిదాకా ఉక్కు వెళ్లదు. అయినా ప్రపంచంలో ఎంతమంది వాటిని నమ్మి అడవుల్లో తిరుగుతున్నారు! అమెరికా మెరైన్లు 1942 నుంచి వాడిన కా-బార్ కత్తి చూడండి. దాని ట్యాంగ్ పిడికన్నా సన్నం. దాని చుట్టూ తోలు బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి చివర బిగించారు. యుద్ధం నుంచి వచ్చిన కత్తి అది. అంటే ఏమిటి? బాగా తెలిసినవాడు చేస్తే సన్న ట్యాంగ్ కూడా నిలుస్తుంది. ఎవరు చేశారో తెలియని కత్తికి మాత్రం ఉక్కు కళ్లకి కనపడాలి.

మడత చాకు సంగతి అడుగుతారని తెలుసు. విక్టోరినాక్స్ వాళ్ల ఆఫీసర్ చాకు 1897 నాటిది, ఇప్పటికీ అంతకన్నా మంచి జేబు చాకు నాకు తెలియదు. జేబులో ఉండనివ్వండి. కాకపోతే మడత దగ్గర ఒక కీలు ఉంది, ఒక పిన్ను ఉంది. ఎక్కడ విరుగుతుందన్న ప్రశ్నకి అక్కడే జవాబు దొరికిందిగా. అది రెండో కత్తి. మొదటి కత్తి మడత లేనిదై ఉండాలి.

ఇక ఉక్కు. ఇక్కడే జనాన్ని బాగా మోసం చేస్తారు. బ్లేడు మీద "స్టెయిన్‌లెస్ స్టీల్" అని మాత్రమే ఉంటే ఏం చెప్పినట్టు? ఏమీ చెప్పనట్టే. మీ ఇంట్లో గిన్నె కూడా స్టెయిన్‌లెస్సే. "సర్జికల్ స్టీల్" అన్నా అంతే, వినడానికి బాగుంటుంది. ఉక్కు రకం పేరు రాసిందా? 1095 అని ఉంటే అది కార్బన్ ఉక్కు, దాదాపు 0.95 శాతం కార్బన్. తుప్పు పట్టదు అనిపించుకోవాలంటే క్రోమియం కనీసం 10.5 శాతం ఉండాలి. 420హెచ్‌సీ, 14సీ28ఎన్, 440సీ, ఇవి స్టెయిన్‌లెస్ వైపు. డీ2 అని ఆన్‌లైన్‌లో బాగా కనిపిస్తుంది. దాంట్లో 11, 12 శాతం క్రోమియం ఉన్నా కార్బన్ కూడా ఒకటిన్నర శాతం ఉంటుంది. క్రోమియంలో చాలా భాగాన్ని ఆ కార్బన్ పట్టేసుకుంటుంది. అందుకే డీ2 తడిలో వదిలేస్తే మచ్చలు పడుతుంది.

కార్బన్ ఉక్కు గట్టి దెబ్బ తట్టుకుంటుంది, తేలిగ్గా పదునెక్కుతుంది. కానీ మన ఊరి గాలి ఎలాంటిది? చెమట ఎలాంటిది? పచ్చి మామిడికాయ కోసి తుడవకుండా పెడితే సాయంత్రానికి నల్లబడుతుంది. సూర్యలంక తీసుకెళ్తే ఉప్పుగాలికి ఎర్ర చుక్కలొస్తాయి. రోజూ తుడిచి నూనె రాసే ఓపిక ఉంటే కార్బన్ తీసుకోండి. లేదా, నా మాట వినండి, స్టెయిన్‌లెస్ తీసుకోండి. మొదటి కత్తికి అదే నయం.

దుకాణంలో చేసే చిన్న పరీక్ష ఒకటుంది. జేబులో అయస్కాంతం ముక్క పట్టుకెళ్లండి. గిన్నెలకి వాడే 304 రకం స్టెయిన్‌లెస్ కొలిమిలో గట్టిపడదు. దానికి అయస్కాంతం సరిగ్గా అంటదు. కత్తి ఉక్కుకి గట్టిగా అంటుకుంటుంది. అంటుకున్నదల్లా మంచి కత్తని కాదు సుమా. అంటకపోతే మాత్రం తిరిగి ఇచ్చెయ్యండి. రెండో పరీక్ష ఆకురాయిది, మీ సొంత కత్తి మీద చేసుకోండి. మంచి ఆకురాయిని బ్లేడు మీద మెల్లగా నెట్టితే జారిపోవాలి. వెన్నలోకి దిగినట్టు దిగి రజను రాలితే ఆ ఉక్కు మెత్తన. ఉక్కు గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ లెక్కలో 56 నుంచి 60 మధ్య ఉంటే ఇలాంటి కత్తికి చాలు. అంతకన్నా తక్కువైతే అంచు మడతపడుతుంది, బాగా ఎక్కువైతే పెచ్చులు ఊడుతుంది.

ముందు వరసలో తమ్ముడు ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తుతున్నాడు. చెప్పు బాబూ. లారీ కమాన్ పట్టీతో కత్తి చేయించుకోవచ్చా అంటున్నాడు. మంచి ప్రశ్న. విజయవాడ వాడు అడగాల్సిన ప్రశ్నే. కమాన్ పట్టీ మంచి ఉక్కే. సిలికాన్, మాంగనీసు కలిసిన స్ప్రింగు ఉక్కు, వంగి మళ్లీ లేస్తుంది. కానీ పాత పట్టీ ఎన్ని లక్షల గుంతలు చూసిందో! కంటికి కనపడని పగుళ్లు ఉండొచ్చు. చేయిస్తే వాడని పట్టీ ముక్కతో చేయించుకో. రెండోది, అసలైనది, కొలిమి పని. ఎర్రగా కాలుస్తారు. 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటడం మానేస్తుంది. ఇంకాస్త కాల్చి నూనెలో ముంచుతారు. అప్పుడది గాజులా గట్టిగా, పెళుసుగా ఉంటుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆపకూడదు. మళ్లీ 200 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో వేడి మీద ఉంచితే పెళుసుతనం తగ్గుతుంది. ఈ రెండో వేడి పెట్టాడా లేదా అని కమ్మరిని అడుగు. ఒకే ఉక్కు, ఒకే మందం, ఈ పని తేడాతో ఒకటి కత్తి అవుతుంది, ఒకటి పెంకు అవుతుంది.

అదే కారణం చేత ఇంకో మాట. సైకిల్ మీద సాన చక్రం పెట్టుకుని వీధిలోకి వస్తారు చూడండి, వాళ్లకి ఈ కత్తి ఇస్తే దగ్గర నిలబడండి. చక్రం మీద అంచు నీలం రంగుకి తిరిగిందంటే అక్కడ దాదాపు 300 డిగ్రీలు దాటింది, అంచు మెత్తబడింది. ప్రతి రెండు లాగుళ్లకీ నీళ్లలో ముంచమనండి. కూరగాయల కత్తికైతే పరవాలేదు, దీనికి వద్దు. అసలు దీన్ని ఇంట్లోనే నూరుకోండి.

డమాస్కస్ గురించి ఒక్క నిమిషం. అలలు అలలుగా గీతలున్న కత్తులు తెగ అమ్ముతున్నారు. పాత రోజుల్లో ఆ పేరు మోసిన కత్తులకి ఉక్కు ఎక్కడి నుంచి వెళ్లింది? మన నిజామాబాద్ జిల్లా కోన సముద్రం లాంటి ఊళ్ల నుంచి! మూసల్లో కరిగించి చేసిన ఆ ఉక్కు ముద్దల కోసం పర్షియా వ్యాపారులు అంత దూరం వచ్చేవాళ్లు. ఇవాళ అమ్మేది అది కాదు. రెండు రకాల ఉక్కు రేకులు కలిపి కొలిమిలో అతికి, యాసిడ్‌లో ముంచి గీతలు తేలుస్తారు. మంచివాళ్లు చేస్తే మంచిదే. చవకవాటిలో గీతలు పైపైన అచ్చు వేసినవి. అందం కోసం కొనుక్కుంటే గోడకి పెట్టుకోండి.

కొలతలు త్వరగా చెప్పేస్తాను. బ్లేడు నాలుగు, అయిదు అంగుళాలు. మందం మూడు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. మందం అయిదు మిల్లీమీటర్లు దాటితే అది చీల్చడానికి బాగుంటుంది, ఉల్లిపాయ దగ్గరకొస్తే చిదిమేస్తుంది. బొండాలు కొట్టే కత్తితో మామిడికాయ చెక్కు తీసి చూడండి, తెలుస్తుంది. వీపు వైపు రంపపు పళ్లున్నవి వద్దు. ఆ పళ్లు చెక్కని కొయ్యవు, కర్రతో వీపు మీద కొట్టనివ్వవు. వీపు చదునుగా, దాని మూలలు కోసినట్టుగా ఉండాలి. ఎందుకు? మంట పుట్టించే ఫెర్రో రాడ్‌ని ఆ మూలతో గీకుతాం. 1903లో ఆస్ట్రియాలో ఆవెర్ ఫాన్ వెల్స్‌బాక్ కనిపెట్టిన మిశ్రమం అది, లైటర్‌లో రాయి కూడా అదే. గుండ్రటి వీపుతో గీకితే నిప్పురవ్వ రాదు, చివరికి జనం పదునంచుతో గీకి కత్తి పాడుచేసుకుంటారు.

పిడి సంగతి? చెయ్యి తడుపుకుని పట్టుకోండి. దుకాణం వాడు ఏమనుకున్నా పరవాలేదు. ఏసీ గదిలో పొడి చేతికి అన్ని పిడులూ బాగానే ఉంటాయి. మన చెమటకి నున్నటి పిడి జారి వేళ్లు అంచు మీదికి వస్తాయి. వేళ్లు ముందుకి జారకుండా చిన్న గడ్డం లాంటిది ఉండాలి. ఒర పెట్టి తలకిందులుగా దులపండి, కత్తి ఊడిపడకూడదు. అడుగున నీళ్లు కారే చిల్లు ఉండాలి. తోలు ఒరలో పెట్టి నెలల తరబడి బీరువాలో పడెయ్యకండి, తోలు తేమ పట్టుకుంటుంది.

నూరడం గురించి చాలామందికి టెన్షన్. ఏం లేదమ్మా. కత్తిని రాయి మీద నిటారుగా నిలబెట్టండి, 90. సగం వంచండి, 45. మళ్లీ సగం వంచండి, 22 చిల్లర. అదే కోణం, చేతికి గుర్తుండేదాకా చెయ్యండి. ఒకవైపు గరుకు, ఒకవైపు నున్నన ఉండే 400, 1000 నంబర్ల రాయి ఒకటి, నీళ్లు, చివర్లో పాత తోలు బెల్టు లోపలి వైపు మీద వెనక్కి లాగడం. చాలు.

వాడేటప్పుడు ఒక్క జాగ్రత్త నొక్కి చెప్తాను. కూర్చుని చెక్కేటప్పుడు రెండు తొడల మధ్య చెక్కకండి. తొడలో పెద్ద రక్తనాళం ఉంటుంది. అక్కడ తెగితే అడవిలో నిమిషాలే ఉంటాయి. మోకాలికి పక్కగా, బయటికి చెక్కండి. ఇంకోటి, పాము కరిస్తే ఈ కత్తి బయటికి తియ్యకండి. గాటు పెట్టడం, రక్తం పీల్చడం, తాడుతో బిగించడం, ఇవన్నీ హాని చేసేవే. రక్తపింజర కాటుకైతే రక్తం గడ్డకట్టదు, గాటు పెడితే ఇక ఆగదు. కరిచిన చోటు కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, యాంటీ వీనం ఉన్న ఆసుపత్రికి చేర్చండి.

చట్టం గురించి అమ్మాయి అడిగింది. ఆయుధాల నియమాల్లో 9 అంగుళాలకి మించిన పొడవు, లేదా 2 అంగుళాలకి మించిన వెడల్పు ఉన్న బ్లేడుల ప్రస్తావన ఉంది. ఇంటి పనికీ, వ్యవసాయానికీ చేసినవాటికి అందులో మినహాయింపు ఉంది. మనం చెప్పుకున్న అయిదు అంగుళాలది ఆ కొలతకి చాలా లోపు. అంతమాత్రాన నడుముకి కట్టుకుని బీసెంట్ రోడ్డులో తిరగమని కాదు, బ్యాగులో అడుగున పెట్టుకోండి. అసలు ఇబ్బంది అడవిలో. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధం అన్న మాట కింద కత్తులు కూడా వస్తాయి. రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లకూడదు. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం మనకి దగ్గర్లోనే ఉంది. అక్కడికి వెళ్లేముందు అటవీశాఖ వాళ్లని అడగండి, వద్దంటే కత్తి ఇంట్లో వదిలేసి వెళ్లండి. లోపల అడవికి ప్రమాదం తెచ్చేలా మంట వెయ్యడం కూడా అదే చట్టం ప్రకారం నేరం. గన్నవరంలో విమానం ఎక్కేవాళ్లు చెక్ ఇన్ సామానులో పెట్టాలి, చేతి బ్యాగులో ఉంటే అక్కడే తీసేసుకుంటారు.

ఆఖరి ప్రశ్న, ఎడమచేతి వాటం వాళ్ల గురించి. అంచుకి రెండు వైపులా సమానంగా నూరిన బ్లేడు తీసుకోండమ్మా, ఒకవైపే నూరినవి కుడిచేతి వాళ్ల కోసం చేస్తారు. ఒర క్లిప్పు విప్పి రెండో వైపు బిగించుకునేలా ఉందో లేదో డబ్బులిచ్చే ముందే విప్పి చూడండి.